పెంచలమ్మ చేతి నారు

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "ఓపిక ఉంటే చాలా మేడం, ఇంకేమైనా కావాలా?" ఓపిక అక్కర్లేదని చెప్పేదాన్ని. వాళ్ళు నా మొహం చూసేవాళ్ళు. ఎదుటి మనిషి మనకు కష్టం కలిగిస్తున్నాడు, మనం పెద్దమనసుతో భరిస్తున్నాం అనే భావం ఓపిక అన్న మాటలో దాగి ఉంటుంది. ఆ భావంతో చేరినవాళ్ళు ఏడాది తిరక్కుండానే అలిసిపోయి, డీఎస్సీకి చదువుకోవాలని చెప్పి వెళ్ళిపోయారు. ఇక్కడ కావలసింది వేరు. మనం చిటికెలో ముగించే పనిని ఇంకొకరు గంటసేపు చేస్తుంటే, చేతులు ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చోగలగాలి. వినడానికి సులువుగానే ఉంటుంది. చేసి చూడండి.

ఆత్మకూరులో, ఆ తర్వాత కొంతకాలం ఉదయగిరిలో, ఒక స్వచ్ఛంద సంస్థ తోటలు చూసుకోవడం నా పని. ఆత్మకూరు తోటే పెద్దది. ఊరు దాటాక ఒక దాత వాడుకోవడానికి ఇచ్చిన మెట్ట నేల, ఒక బోరు, ఒక రేకుల షెడ్డు. బుద్ధి ఎదుగుదల తక్కువని డాక్టర్లు సర్టిఫికెట్ ఇచ్చిన పెద్దవాళ్ళు పొద్దున బస్సుల్లో, ఆటోల్లో వచ్చి సాయంత్రం దాకా పని చేసుకుని వెళ్ళేవాళ్ళు. ఆకుకూరలు, బెండ, గోరుచిక్కుడు పండించేవాళ్ళం. వంగ నారు, మిరప నారు పెంచి రైతులకు అమ్మేవాళ్ళం. నా జీతం ఎప్పుడు పెరిగిందో, ఏ రిపోర్టు ఎవరికి పంపామో చెప్పడం వల్ల మీకు ఉపయోగం లేదు కాబట్టి ఆ సంగతులు వదిలేస్తున్నాను.

పాప, బాబు

మొదట పిలుపుల సంగతి. సర్టిఫికెట్‌లో ఒక పేరు ఉంటుంది, ఊళ్ళో ఇంకో పేరు ఉంటుంది. మంచివాళ్ళు అమాయకుడు అంటారు, మిగతావాళ్ళు అనేది ఇక్కడ రాయను. మేము తోటవాళ్ళు అనేవాళ్ళం. తోటలో పని చేస్తారు కాబట్టి తోటవాళ్ళు, అంతే.

ఇంట్లోవాళ్ళు మాత్రం పాప, బాబు అంటారు. మీసాలు నెరిసిన మనిషికి ఆయన తండ్రి క్యారియర్ తెచ్చి, "బాబుకు పెరుగన్నం కలపండి మేడం" అనేవాడు. తండ్రి నోటి నుంచి వస్తే అది ముద్దు. మనం కూడా అలాగే పిలవడం మొదలుపెడితే, కాసేపటికి ఆ బాబుకు మనమే అన్నం కలుపుతుంటాం. ఇంకాసేపటికి ఆయన చేతిలో కొడవలి లాక్కుంటాం. కొత్తగా చేరినవాళ్ళకు నేను పెట్టిన మొదటి షరతు, ఎవరినైనా పేరు పెట్టి పిలవాలని, వయసులో పెద్దయితే అన్నా అనో అక్కా అనో అనాలని. కొందరికి ఇది చాదస్తంగా కనిపించింది. కనిపించనీ అనుకున్నాను.

మస్తానయ్య సర్దుడు

తోటమాలిగా మస్తానయ్య అనే మనిషి ఉండేవాడు. నిక్కమైన పనివాడు, మనసు మెత్తన. తోటవాళ్ళు నాటిన వరస వంకరగా ఉంటే చూడలేకపోయేవాడు. సాయంత్రం అందరూ బస్సెక్కి వెళ్ళాక, ఆ మొక్కలన్నీ పీకి తాడు కట్టి మళ్ళీ వరసగా నాటేవాడు. ఇందులో తప్పు ఉందని ఎవరికీ తోచలేదు. పొద్దున వచ్చిన సందర్శకులు వరసలు చూసి మెచ్చుకునేవాళ్ళు, ఫొటోలు తీసుకునేవాళ్ళు.

ఒకసారి మాలకొండయ్య అనే తోటమనిషి పొద్దున్నే వచ్చి తన మడి దగ్గర నిలబడ్డాడు. ముందురోజు తాను నాటిన వంగ మొక్కలు పెట్టినచోట లేవు. చాలాసేపు చూశాడు. తర్వాత షెడ్డులోకి వెళ్ళి బస్తా మీద కూర్చున్నాడు. ఆ రోజు పని చేయలేదు, మర్నాడూ చేయలేదు. ఒంట్లో బాగాలేదేమోనని అడిగితే, "మస్తానయ్య చేస్తాడు గదా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. తనకు సంబంధం లేని విషయం చెప్పినట్టు అన్నాడు.

అప్పుడు ఒక నియమం పెట్టుకున్నాం. తోటవాళ్ళు పెట్టిన మొక్క పెట్టినచోటే ఉండాలి. వంకరైతే వంకరే. చస్తే మళ్ళీ వాళ్ళే పెట్టుకుంటారు. మస్తానయ్యకు ఇది జీర్ణం కావడానికి ఒక సీజను పట్టింది. తోట అందం కొంత తగ్గిన మాట నిజం. మాలకొండయ్య లేచి పనిలోకి వచ్చాడు.

నారుమడి

ఈ నియమం వల్లనే పెంచలమ్మ పని మాకు కనిపించింది. అంతకుముందు ఆమె వేసిన మడి పలచగా ఉందని మస్తానయ్య పైన ఇంకో గుప్పెడు విత్తనం చల్లేసేవాడు.

పెంచలమ్మకు అప్పటికి ముప్పై దాటి ఉంటాయి. ఆత్మకూరు అవతల చెరువు పక్కన చిన్న వాడ. అక్కడి మగవాళ్ళు చెరువులో చేపలు పడతారు, ఆడవాళ్ళు కూలికి పోతారు. తండ్రి లేడు. తల్లి వెంగమ్మ ఆమెను తోటకు తీసుకొచ్చినప్పుడు, ఏం పని వచ్చని మేము అడగకముందే, "ఏ పనీ రాదు టీచరమ్మా, గమ్మున కూర్చుంటది, ఎవురినీ ఏమీ అనదు" అని భరోసా ఇచ్చింది. వాడలో పెళ్ళయితే పెంచలమ్మను ఇంట్లో ఉంచి తలుపు దగ్గరకు వేసి వెళ్ళేవాళ్ళట. శుభకార్యంలో ఎదురు రాకూడదని.

ఆమెకు మాటలు తక్కువ. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య చాలా ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో మనం దూరకూడదు. పనీ అంతే. విత్తనాన్ని ఇసకలో కలిపి, పుల్లతో గీత గీసి, గీతలో వేస్తూ పోయేది. ఒక చోట వేశాక ఆగి చూసుకుని అప్పుడు పక్కకు జరిగేది. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నానికి ఒక మడి. మిరప నారు గుబురుగా మొలిస్తే గాలి ఆడక మొదళ్ళు కుళ్ళుతాయి. ఆమె మడిలో మొక్కకూ మొక్కకూ మధ్య ఎడం ఉండేది కాబట్టి కాడ బలంగా వచ్చేది. ఇందులో మాయ ఏమీ లేదు. ఆమెకు తొందర లేదు, మేము తొందరపెట్టలేదు.

ఉదయగిరి దోవలో ఒక ఊరి నుంచి మాల్యాద్రి రెడ్డి అనే పెద్ద రైతు మా దగ్గర వంగ నారు తీసుకెళ్ళాడు. అది బాగా కుదురుకుంది. మరుసటి కారుకు, అంటే తర్వాతి పంట కాలానికి, ఆయన జీపు వేసుకుని వచ్చి, నారు వేసిన మనిషిని చూపించమన్నాడు. చూపించాం. పెంచలమ్మను కిందికీ మీదికీ చూసి, "ఈ అమ్మణ్ణి చెయ్యి మంచిది" అని తేల్చాడు.

మా వైపు నారు పోసేటప్పుడు మొదటి గింజ ఎవరి చేత వేయించాలన్న పట్టింపు ఉంది. చెయ్యి మంచిదని పేరున్న మనిషిని పిలిచి, పసుపు కుంకుమ ఇచ్చి, వాళ్ళ చేత ఒక గింజ వేయించి, మిగతాది కూలివాళ్ళు వేస్తారు. మాల్యాద్రి రెడ్డి తన మిరప నారుమడికి పెంచలమ్మను పంపమన్నాడు.

మా సెక్రటరీ గారు

మా సంస్థ సెక్రటరీ గారు ఎగిరి గంతేశారు. ఆయన మంచి మనిషి, ఆ మాట ముందే చెప్పాలి. సంస్థ కోసం చెప్పులరిగేలా తిరిగారు. అయితే మంచి జరుగుతున్నట్టు కనబడితే చాలు, లోపల ఏం జరుగుతోందో చూసే అలవాటు ఆయనకు లేదు. ఎదురు రావద్దని తలుపు వెనక కూర్చోబెట్టిన మనిషిని జీపు పంపి పిలుస్తున్నారంటే ఇంతకంటే మార్పు ఏం కావాలన్నారు.

ఆయన మాటలోనూ నిజం ఉంది. మొదటిసారి నేనూ వెంట వెళ్ళాను. వెంగమ్మ ఆ ఇంటి పొలంలో కూలికి పోయిన రోజుల్లో గేటు బయట నిలబడి మంచినీళ్ళు అడిగేది. ఆ రోజు ఆమెకు కుర్చీ వేశారు, స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చారు. ఆమె కుర్చీ అంచునే కూర్చుని తాగింది. పెంచలమ్మకు జాకెట్ గుడ్డ పెట్టి, బొట్టు పెట్టారు. ఆమె మడి దగ్గర కూర్చుని గీతలో ఒక గింజ వేసింది. రెండోది తీసుకోబోతే రెడ్డిగారి భార్య ఆమె చెయ్యి పట్టుకుని, చాలమ్మా, నీ పని అయిపోయింది, వచ్చి నీడన కూర్చో అంది. పెంచలమ్మ వెళ్ళి కుర్చీలో కూర్చుంది. కూలి ఆడవాళ్ళు మిగతా మడంతా చకచకా చల్లుతుంటే, వాళ్ళ చేతుల వైపే చూస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాత పిలుపులు ఎక్కువయ్యాయి. వింజమూరు వైపు నుంచి వచ్చారు, కలిగిరి నుంచి వచ్చారు. పెంచలమ్మ తోటలో ఉండే రోజులు తగ్గాయి. ఇంటికి తిరిగి వచ్చాక వెంగమ్మ అడిగేది ఎప్పుడూ ఒకటే, ఎవరెవరు చూశారు, ఏం పెట్టారు అని. ఆ తల్లిని తప్పుపట్టలేను. పుట్టిన దగ్గర్నుంచి ఆ బిడ్డ గురించి విన్న మొదటి మంచిమాట అది.

ఇది ఆపేద్దామని సెక్రటరీ గారితో చెప్పాను. ఇవాళ చెయ్యి మంచిదని పిలిచేవాళ్ళు రేపు పంట పోతే చెడ్డదంటారు, అప్పుడు మీరూ నేనూ ఏం చేస్తాం అని అడిగాను. మీరు ప్రతిదాన్లో చెడు చూస్తారమ్మా అన్నారు. అవును, అందుకే నాకు జీతం ఇస్తున్నారు అన్నాను. ఆ సంభాషణ అక్కడితో ముగిసింది. మీ పైవాడు మంచివాడైతే మీ పని కష్టమవుతుంది, ఇది ముందే తెలుసుకోండి. చెడ్డవాడితో పోట్లాడవచ్చు. మంచివాడు నొచ్చుకుంటాడు, అందరూ ఆయన పక్షం వహిస్తారు.

మిరప మడి కుళ్ళిన ఏడు

మరుసటి ఏడు నారు పోసిన కొత్తలోనే ముసురు పట్టింది. మాల్యాద్రి రెడ్డి మడి పల్లంలో ఉంది. నీళ్ళు నిలిచాయి. విత్తనం కూడా గుబురుగా చల్లించాడు. మొలిచిన నారు మొలిచినట్టే మొదళ్ళు మెత్తబడి పడిపోయింది. ఆ వానకు చాలామంది మడులు పోయాయి, అయితే మొదటి గింజ పెంచలమ్మ వేసిన మడి గురించే మాట పుట్టింది. కలిగిరిలో విత్తనాల కొట్టు దగ్గర ఎవరో, ఆ పిచ్చిదాని చెయ్యి చెడ్డదయింది అన్నారట. ఆ మాట మా ఊరికి చేరడానికి బస్సుకు పట్టేంత సేపు కూడా పట్టలేదు.

ఆత్మకూరు బస్టాండులో ఒకామె తన నారు బుట్టను పెంచలమ్మకు కనపడకుండా చీర చెంగుతో కప్పింది. వెంగమ్మ అది చూసింది. మర్నాటి నుంచి కూతుర్ని తోటకు పంపలేదు.

నేను ముందు మాల్యాద్రి రెడ్డి దగ్గరికి వెళ్ళాను. ఆయన పొలంలోనే ఉన్నాడు. కుళ్ళిన మడి దున్నేసి, ఇంకోచోట ఎత్తుగా కొత్త మడి కట్టిస్తున్నాడు. అంటే కారణం ఆయనకు తెలుసు. అదే మాట అడిగాను.

"నీళ్ళు నిలబడినాయి టీచరమ్మా, నాకు తెలవదా? ఆ పిల్లదేమీ లేదు."

మరి ఆ మాట జనంతో అనలేదేమని అడిగాను.

"నన్నెవరడిగినారు? జనం అన్నారు, నేను గమ్మునుండినాను. నేనైతే ఒక్క మాట కూడా అనలా."

అది నిజమే. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. వాడకు వచ్చి ఆ తల్లితో ఈ మాట చెప్పమని అడిగాను. నేను ఆడికి రావడమేంది అన్నాడు. ఆ జవాబులో కులం ఉంది, హోదా ఉంది, కొంచెం సిగ్గు కూడా ఉందేమో. నేను వాదించలేదు. వాదిస్తే వచ్చే మనిషి కాదు.

సెక్రటరీ గారు ఇంకో ఉపాయంతో వచ్చారు. ఎవరైనా స్వామిని పిలిపించి, పెంచలమ్మ చేతికి ఏదో దోషపరిహారం చేయించి, నలుగురిలో మళ్ళీ మంచి చెయ్యి అనిపిద్దామన్నారు. నా ఉద్యోగంలో నేను గొంతు పెంచింది బహుశా ఆ ఒక్కసారే. మంచి చెయ్యి అన్నవాళ్ళను నమ్మినందుకే ఆ మనిషి ఇవాళ ఇంట్లో కూర్చుంది, మళ్ళీ అదే మందు వేస్తారా అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. నాకు బాధ కలగలేదు.

చెరువు పక్క ఇల్లు

వెంగమ్మ నన్ను లోపలికి రమ్మనలేదు. గడప బయట గోనెపట్ట వేసింది. పెంచలమ్మ లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. రెండు చేతులూ చీర కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. చలిగా ఉందేమో అనుకున్నాను. దాహమేస్తే కడవ దగ్గరికి వెళ్ళకుండా తల్లిని అడిగింది. అప్పుడు అర్థమైంది. చెయ్యి చెడ్డదని విని, ఆ చేతితో ఏదీ ముట్టుకోవడం మానేసింది. అన్నం కూడా తల్లి కలిపి నోట్లో పెడుతోందట.

ఇన్నేళ్ళ పనిలో నాకు దుఃఖం కలిగిన సందర్భాలు ఎక్కువ లేవు. ఇది ఒకటి.

జనం మాట పట్టించుకోవద్దని వెంగమ్మకు చెప్పబోయాను. ఆమె అడ్డం వచ్చింది.

"మంచిదన్నప్పుడు జీపు వచ్చె, మీరు పంపినారు. ఇప్పుడు చెడ్డదంటా ఉండారు. రెండుసార్లూ నా బిడ్డని ఎవురూ అడగలా టీచరమ్మా, నువ్వు పోతావా పోవా అని."

లోపలి నుంచి పెంచలమ్మ నెమ్మదిగా అడిగింది, "నా చెయ్యి చెడ్డదా?"

కాదు అని చెప్పడం సులువు. ఆమె అంతకుముందు మంచిది అన్న మాట కూడా నమ్మింది, చెడ్డది అన్న మాట కూడా నమ్మింది. నా మాట కూడా అలాగే నమ్మేది. రేపు ఇంకెవరో ఇంకేదో అంటే అదీ నమ్మేది. మాటలతో అయ్యే పని కాదని తెలిసి, రేపు వస్తానని చెప్పి వచ్చేశాను.

మర్నాడు మస్తానయ్య మోపెడ్ మీద నారు ట్రే ఒకటి, తొట్టిలో ఇసక, ఎరువు తీసుకొచ్చాడు. నేను వంగ విత్తనం తెచ్చాను. అవన్నీ వాళ్ళ గడప ముందు పెట్టి, నేను పట్ట మీద కూర్చున్నాను. మస్తానయ్య ట్రేలో ఎరువు నింపాడు. విత్తనం కూడా వేసేయబోతే అతని వైపు చూశాను. చేతులు తుడుచుకుని వెళ్ళి చెరువు వైపు తిరిగి నిలబడ్డాడు.

పొద్దు పైకి వచ్చింది. వాడలోవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. పెంచలమ్మ గడప దాకా జరిగింది. ట్రే వైపు చూసింది, తల్లి వైపు చూసింది. చేతులు కొంగులోనే ఉన్నాయి.

"ముట్టుకోబాక మ్మే" అంది వెంగమ్మ. తర్వాత నన్ను అడిగింది, "ఇది ఎవురి చేలోకి?"

ఎవరి చేలోకీ కాదు, మీ ఇంటి ముందు నాటుకోవడానికి అన్నాను.

వెంగమ్మ "మా ఇంటికైతే పోయినా మాదే గదా" అని, కూతురి దగ్గర కూర్చుని, ఆ కొంగు మెలికలు ఒక్కొక్కటే విప్పి, రెండు చేతులూ బయటికి తీసింది. అవి చెమటకు నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. పెంచలమ్మ వాటిని చూసుకుంది. తర్వాత ఒక గింజ తీసి ట్రే మొదటి గుంటలో వేసి, ఆగి చూసుకుని, రెండో గుంటకు జరిగింది. ఎవరూ చాలమ్మా అనలేదు. ట్రే అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. నాకు ఆకలి వేస్తున్న సంగతి కూడా అప్పుడే తెలిసింది.

కొన్ని రోజులకు మళ్ళీ వెళ్ళాను. ట్రేలో చాలావరకు మొలిచాయి, కొన్ని గుంటలు ఖాళీగా ఉన్నాయి. పెంచలమ్మ ఖాళీ గుంటలు వేలితో చూపించి, "రాలా" అంది. ఎవరు వేసినా కొన్ని రావు అన్నాను. మస్తానయ్య వేసినా రావా అని అడిగింది. రావన్నాను. మస్తానయ్య కూడా రావని ఒప్పుకున్నాడు, పెద్ద ఇష్టంగా కాదు. ఆమె విత్తనం అడిగి తీసుకుని ఖాళీ గుంటల్లో మళ్ళీ వేసింది. నారు ఎదిగాక పక్కింటామె వచ్చి, తన ఇంటి ముందుకు రెండు మొక్కలు ఇమ్మంది. పెంచలమ్మ తన చేతితోనే పెళ్ళగించి ఇచ్చింది. ఆమె తీసుకుంది.

తోటకు మళ్ళీ తీసుకొచ్చిన రోజు వెంగమ్మ నాకు ఒక షరతు పెట్టింది. ఎవరైనా పిలిస్తే తనను అడగవద్దు, సెక్రటరీ గారిని అడగవద్దు, బిడ్డనే అడగాలి. ఆ షరతు మేమే పెట్టుకుని ఉండవలసింది. మీలో ఎవరైనా ఇలాంటి తోట నడుపుతుంటే, అది గోడ మీద రాసి పెట్టుకోండి.

మడంతా

తర్వాతి కారుకు మాల్యాద్రి రెడ్డి జీపు మళ్ళీ మా గేటు ముందు ఆగింది. మధ్యలో వేరే చోట కొన్న నారు సరిగా రాలేదట. పోయినేడు జరిగిందేదో జరిగింది, ఆ అమ్మణ్ణిని పంపించు టీచరమ్మా, మొదటి గింజ వేసి పోతాది అన్నాడు. నన్ను కాదు, ఆమెను అడగండి అన్నాను. ఆయనకు అది వింతగా తోచింది. అన్నిసార్లు ఆమెను ఇంటికి పిలిపించుకున్నాడు గానీ నేరుగా ఆమెతో మాట్లాడడం అదే మొదలు అనుకుంటాను. నారుమడి దాకా వెళ్ళి గొంతు సవరించుకున్నాడు.

"ఏమ్మా పెంచలమ్మా, మా మడికి వస్తావా? మొదటి గింజ వేద్దువు."

ఆమె తల ఎత్తలేదు. చేతిలో ఉన్న గింజ వేసి, చూసుకుని, అప్పుడు అడిగింది.

"ఒక గింజా?"

"ఒక గింజే. జీపులో తీసుకుపోయి జీపులో దించుతాను."

"రాను."

రెడ్డిగారు నా వైపు చూశాడు. నేను కలగజేసుకుంటానని ఆయన ఆశ. నిజం చెప్పాలంటే నేనూ ఏదో ఒకటి అనబోయాను, ఆపుకున్నాను. పెంచలమ్మ మాట అయిపోలేదు. మధ్యలో ఖాళీ ఎంతసేపు ఉంటుందో నాకు తెలుసు.

"మడంతా అయితే వస్తా" అంది.

"మడంతా నువ్వు ఒక్కదానివే వేస్తే పొద్దు గూకతాది."

"గూకనీ."

ఆయన నవ్వాడో విసుక్కున్నాడో చెప్పలేను, మీసం కదిలింది. రేపు కూలోళ్ళతో పాటు రమ్మను, కూలి వాళ్ళకెంతో ఈమెకంతే అని నాతో చెప్పి జీపెక్కాడు. బొట్టు, జాకెట్ గుడ్డ ప్రస్తావన రాలేదు.

మర్నాడు ఆమె కూలివాళ్ళ ఆటోలో వెళ్ళింది. నేను వెంట వెళ్ళలేదు. వెళ్ళాలని ఉంది, వెళ్ళలేదు. సాయంత్రం పని చూసుకుని బస్సు కోసం వస్తూ చెరువు వాడ దగ్గర ఆగాను. అప్పుడే ఆటో వచ్చి ఆగింది. పెంచలమ్మ మోచేతుల దాకా మన్నుతో దిగి, మిగతా ఆడవాళ్ళతో పాటు తొట్టి దగ్గర కాళ్ళు చేతులు కడుక్కుంది. మడంతా వేసిందా అని ఆటోలోని ఆడవాళ్ళను అడిగాను. ఒక మడి ఆమెకే వదిలేసినారు, ఆమెతో పెట్టుకుంటే మేమూ ఇప్పుడొచ్చినాం అని విసుక్కుంటూ చెప్పారు. ఆ విసుగు నాకు ఇష్టమైంది. తోటి కూలి మీద కూలివాళ్ళు పడే విసుగు అది.

వెంగమ్మ గడపలోనే ఉంది. ఎవరెవరు చూశారని ఈసారి అడగలేదు.

"ఏం పెట్టినారు అన్నంలోకి?"

పెంచలమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని, లోపలికి పోతూ, కాసేపటికి చెప్పింది.

"గోంగూర పప్పు. ఉప్పు చాలలా."